ఖాళీ గిన్నె తిప్పి పంపని దేశం

ఘుబ్రా, మస్కట్
మార్చి 9

చిరంజీవి వికాస్‌కు వదిన ఆశీస్సులు.

ఆశీస్సులు అంతవరకే. ఇక తిట్లు.

జిలాని నిన్న నీ ఆవకాయ సీసా తెచ్చి ఇచ్చాడు. ఖాళీది. అదీ కడగనిది. మూత తీస్తే రెండు దుక్మ్ ఈగలు మస్కట్ చూడ్డానికి వచ్చినట్టు తాపీగా బయటికొచ్చాయి. మీ అమ్మగారు బతికుండగా ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపడం చూశావా? ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపేవారు. పక్కింటి గిన్నె ఖాళీగా వెళితే మన ఇంటి లక్ష్మి అందులో కూర్చుని వెళ్ళిపోతుందని ఆవిడ నమ్మకం. నాకు లక్ష్మి సంగతి తెలీదు గానీ, ఆవిడ కడుపున పుట్టినవాడికి సబ్బు సంగతి తెలియకపోవడమే ఆశ్చర్యంగా ఉంది.

ఫోనుండగా ఈ ఉత్తరాలెందుకని నువ్వు మళ్ళీ గొణుగుతావు. ఫోనులో నువ్వు "అంతా బానే ఉంది వదినా, సిగ్నల్ లేదు వదినా" అని రెండు ముక్కలు చెప్పి పారిపోతావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు. ఘాలా నుంచి నీ క్యాంపుకి కంపెనీ బస్సు నడిపే జిలాని ఉన్నంతకాలం సీసాతోపాటు ఉత్తరం వస్తుంది.

నీతో పనిపడింది. నేను ఎకనామిక్స్ చెప్పే బడిలోనే మీ అన్నకూతురు అనూహ్య ప్లస్ వన్ చదువుతోందన్న సంగతి నీకు గుర్తుందనుకుంటాను. బడుల మధ్య ఏదో పోటీ పెట్టారు. నూనె, నీళ్ళు, గనులు, అడవులు ఏవీ లేని ఒక చిన్న దేశం ఎలా బాగుపడుతుందో, బాగుపడి ఎలా నిలబడుతుందో నవంబరులో వేదికెక్కి చెప్పాలట. పిల్లలందరూ సింగపూర్ అని రాసుకొచ్చారు. మన వైపు ప్రతి ఊరినీ సింగపూర్ చేస్తామన్నవాళ్ళ మాటలు వినీ వినీ నాకా పేరెత్తితేనే ఆవలింతలొస్తాయి. నీకేమైనా తడితే రాయి. మీ అన్నయ్య "వాడినా అడుగుతున్నావు?" అన్నారు. అయినా అడుగుతున్నాను.

మీ వదిన
శ్యామల

*

దుక్మ్ క్యాంపు
మార్చి 23

వదినా, నమస్కారం.

సీసా ఖాళీగా రాలేదని గమనించే ఉంటావు. అందులో ఉన్నది మా దేశపు ఏకైక ప్రకృతి వనరు, ఇసుక. కావాలంటే లారీడు పంపిస్తాను. సీసా కడిగాను కూడా. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి కాబట్టి పొదుపుగా కడిగాను.

అనూహ్యకి దేశమే కావాలంటే మా క్యాంపుని తీసుకోమను. రిఫైనరీ పక్కనే ఉంది గానీ అందులో మాకు దక్కేది వాసన మాత్రమే. చెట్టు ఒకటుండేది, ఒంటె తినేసింది. గాలికి మాత్రం లోటు లేదు, ఆరేసిన లుంగీకి క్లిప్పు పెట్టకపోతే వీసా లేకుండా కరాచీ చేరుతుంది. జనాభా అరవై మంది, అందరికీ కలిపి ఆరు భాషల్లో బూతులొచ్చు. క్యాంప్ బాస్‌ని కాబట్టి రాజుని నేనే. మంత్రులు ఇద్దరు. ఏసీ మెకానిక్ ఇస్రాయేలుది రాజోలు, వడ్రంగి వీరబ్రహ్మానిది కడప. ఆలు లేదు చూలు లేదు గానీ జెండా రంగు మీద వీళ్ళిద్దరికీ ఇప్పటికే మాటల్లేవు.

ఇక నవ్వు అయిపోయింది. ఈ సంగతి అన్నయ్యకి చెప్పకు.

మా కంపెనీకి ఇక్కడ పని అయిపోయింది. కట్టాల్సిన గోదాములన్నీ కట్టేశాం. మా ముదీర్, అదే మేనేజరు, షోయబ్ సాబ్ ఘాలా ఆఫీసు నుంచి కబురు పెట్టాడు. అక్టోబరులోగా కొత్త పని దొరక్కపోతే క్యాంపు మూసేసి అందర్నీ ఇంటికి పంపేస్తారట. డిగ్రీ రెండుసార్లు తప్పిన నాకు ఎనిమిదేళ్ళ కిందట అన్నయ్య తన పరపతంతా ఖర్చుపెట్టి ఈ ఉద్యోగం ఇప్పించాడు. ఇది పోతే నాకు ఇంకోటి దొరకదు. వీరబ్రహ్మానికి యాభై దాటాయి, అతన్ని ఇంకెవడూ వీసా ఇచ్చి పిలవడు. నాకు భయంగా ఉంది వదినా. ఏమీ లేనివాళ్ళు బాగుపడే దారి నీ పుస్తకాల్లో నిజంగా ఉంటే, పిల్లకంటే ముందు నాకు చెప్పు.

వికాస్

*

ఘుబ్రా
ఏప్రిల్ 20

వికాస్,

మీ అన్నయ్యకి చెప్పలేదు. ఆయన ఈమధ్య సెలవులు మిగిలాయంటూ ఇంట్లోనే ఉంటున్నారు. నిన్న నా పోపుల డబ్బా అక్షరక్రమంలో సర్దారు. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, జీలకర్ర. ఆయన ఆఫీసుకెళితే బాగుండునని మొక్కుకుంటున్నాను.

నీ ఇసుక తులసికోటలో పోశాను. ఇక పాఠం విను. చేతిలో ఏమీ లేని దేశాలు బాగుపడ్డ చోటల్లా ముందు చట్టం గట్టిగా ఉంది. రాజుగారి బావమరిదికి ఒకటి, రైతుకి ఒకటి కాకుండా అందరికీ ఒకటే. తర్వాత, వచ్చేపోయేవాళ్ళకి తలుపులు తెరిచి ఉంచాయి. అన్నిటికంటే ముఖ్యం, తమ మనుషులకి చేతనైన పనేదో పక్కవాడికి అవసరమయ్యేలా చేసుకున్నాయి. నీ అరవై మందికి గోడలు కట్టడం కాక ఇంకేం వచ్చో ఎప్పుడైనా అడిగావా? అడగవు. నీకు లుంగీల లెక్క తప్ప ఏమీ పట్టదు.

ఈ సీసాలో మాగాయ ఉంది. తిప్పి పంపేటప్పుడు ఇసుక కాకుండా ఇంకేదైనా పెట్టు.

వదిన

*

దుక్మ్ క్యాంపు
జూన్ 15

వదినా,

నీ సంస్కరణలు అమలు చేశాను. భోజనానికి ఆలస్యంగా వస్తే మెస్ గిన్నెలు తోమాలని చట్టం చేశాను. మొదట దొరికింది నేనే. వారం రోజులు తోమాను, పౌరులు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. తలుపులు తెరిచి ఉంచమన్నావని గేటు తెరిచి ఉంచాను. ఒంటె వచ్చి ఉల్లిపాయల బస్తా ఖాళీ చేసింది.

కానీ ఆ గేటు తెరిచి ఉండబట్టే ఇంకోటి జరిగింది. ఎర్రటెండలో మా ముందు చేపల వ్యాను ఆగిపోయింది. పెట్టె నిండా వంజరాలు, చల్లబరిచే మిషను చచ్చింది. నడిపే మనిషి పేరు నాదియా, ఇక్కడి జాలర్ల ఊరమ్మాయి. సొంతంగా నాలుగు వ్యాన్లు, రేవు దగ్గర చేపలు దాచే చల్లగది ఉన్నాయి. మస్కట్ నుంచి మెకానిక్ వచ్చేసరికి సరుకంతా కుళ్ళిపోతుందని తల పట్టుకుంది. ఇస్రాయేలు అన్నం ముందునుంచి లేచివెళ్ళి బాగుచేశాడు. డబ్బివ్వబోతే "ఎంగిలి చెయ్యి సిస్టర్, ఇప్పుడొద్దు" అని వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు.

మర్నాడు ఆవిడ దగ్గర్నుంచి ఇంత పళ్ళెం నిండా చేప అన్నం వచ్చింది. తిన్నాక పళ్ళెం తిప్పి పంపబోతే వీరబ్రహ్మం నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉత్త పళ్ళెం ఎట్ల పంపుతావు సామీ? మా యమ్మయితే చీపురు తిరగేసేది" అన్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. పెట్టడానికి మా దగ్గర ఏముంది? అతనే పాత ప్యాకింగు చెక్కలు ఏరి ఆ పళ్ళేనికి మూత చేశాడు, అంచు చుట్టూ లత కూడా చెక్కాడు.

ఆ మూత కింద ఈసారి హల్వా వచ్చింది, దాంతోపాటు కీలు విరిగిన ఐసు పెట్టె కూడా వచ్చింది. బాగుచేసి పంపాం. ఇప్పుడు ఊరంతా మాకు గిన్నెలు పంపుతోంది. ప్రతి గిన్నె వెనకాలా ఒక ఫ్యానో, తలుపో, పడవ ఇంజనో దారి తప్పినట్టు వస్తోంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక అందరూ వాటి మీదే ఉంటున్నారు. బయటివాళ్ళకి కూలికి చేస్తే చట్టం ఊరుకోదు గానీ, గిన్నె కడిగివ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదనుకుంటాను.

సీసాలో ఖర్జూరాలు పెట్టాను.

వికాస్

*

ఘుబ్రా
జూలై 6

వికాస్,

ఖర్జూరాలు బాగున్నాయి. నువ్వు మాత్రం బాగుపడవు.

మీ కడుపులు నిండితే క్యాంపు నిలబడుతుందా? అక్టోబరులో షోయబ్ వస్తే చేప అన్నం చూపిస్తావా? ధర లేని చోట మార్కెట్ లేదు, మార్కెట్ లేని చోట దేశం లేదు. ఫ్యానుకింత, ఫ్రిజ్‌కింత అని బోర్డు కట్టు. మీరు పనికొస్తారని ఆఫీసుకి తెలియాలంటే అంకెలుండాలి. మొహమాటపడితే ఆర్థికశాస్త్రం కుదరదు నాయనా.

మీ అన్నయ్య ఇంకా ఇంట్లోనే ఉంటున్నారు. కర్టెన్లు ఇస్త్రీ చేస్తున్నారు.

వదిన

*

దుక్మ్ క్యాంపు
ఆగస్టు 17

వదినగారికి,

బోర్డు కట్టాను. వీరబ్రహ్మం వద్దు వద్దంటూనే చేశాడు. అరబ్బీలో రాయించి గేటుకి తగిలించాను.

మొదట ఒక ముసలి జాలరి వచ్చాడు. బోర్డు చదివాడు, డబ్బు బల్లమీద పెట్టాడు, ఇంజను తీసుకుని సలామైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గిన్నెలు ఆగిపోయాయి. నాలుగో రోజు నాదియా వచ్చింది. బోర్డు పైనుంచి కిందిదాకా చదివి, ఇస్రాయేలు చేతిలో నోట్లు పెట్టి, వ్యాన్లోంచి మా మూత తీసి నాకిచ్చింది. "తుమ్హారా హిసాబ్ ఖల్లాస్" అంది, మీ లెక్క తీరిపోయిందని. కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండేది.

ఎవడో బోర్డు ఫొటో తీశాడు. అది తిరిగి తిరిగి షోయబ్ సాబ్ ఫోన్లోకి చేరింది. "ఏందిర నీ దుకాణం? లేబర్ ఆఫీసోళ్ళు చూస్తే కంపెనీకి జుర్మానా, నీకు డిపోర్ట్. అక్టోబర్ ఎందుకు, సెప్టెంబర్ ఆఖరుకే ఖల్లాస్ చేస్తా" అన్నాడు. తీసుకున్న డబ్బంతా ఇల్లిల్లూ తిరిగి వెనక్కిచ్చాం. తీసుకున్నారు గానీ ఎవరూ టీ తాగమనలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మందు నీది, నాలుక మాది. రాత్రిళ్ళు వీరబ్రహ్మం పెట్టె సర్దుకుని మళ్ళీ విప్పుకుంటున్నాడు. అతని మొహం చూడలేకపోతున్నాను.

సీసా ఖాళీగా పంపుతున్నాను. ఈసారి కావాలనే.

వికాస్

*

ఘుబ్రా
సెప్టెంబర్ 12

వికాస్,

ఖాళీ సీసా అందింది. కడిగే పంపావు, కోపంలో కూడా కడిగినందుకు సంతోషం.

తప్పు నాదే. అలాగని మందే తప్పని ఒప్పుకోను, మోతాదు తప్పింది. నాదియా నీ దగ్గర కొనుక్కోవడానికి రాలేదు, ఇరుగూపొరుగూ అనుకుని వచ్చింది. ఇరుగుపొరుగుతో లెక్క ఎప్పుడూ పూర్తిగా తీరకూడదు. కొంచెం వాళ్ళదో మనదో మిగిలి ఉండాలి, ఆ మిగిలిందాని కోసమే మళ్ళీ తలుపు తడతారు. ఏమీ లేని దేశానికి అంతకు మించిన ఆస్తి ఏముంటుంది? ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని, నాకిది తట్టలేదు చూడు. డబ్బు సంగతి మీరూ నాదియా కాదు, కంపెనీ, ఆవిడ చల్లగదీ చూసుకోవాలి. ఏడాది పొడుగునా మరమ్మతులు మీవేనని ఒప్పందం రాసుకుంటే చట్టమూ ఒప్పుకుంటుంది, గిన్నెలూ తిరుగుతాయి.

ఈ మాట నువ్వు చెబితే షోయబ్ వినడు. అందుకని నేను పులిహోర కలిపాను.

వాళ్ళిల్లు మా వెనక వీధిలోనే. ఇంట్లోకెల్లా పెద్ద స్టీలు డబ్బా నింపి, "వికాస్ వదినని, ఊరికే ఇచ్చిపోదామని వచ్చాను" అని ఆయన భార్య గౌహర్ చేతికిచ్చి వచ్చేశాను. క్యాంపు మాట ఎత్తలేదు. హైదరాబాదీ ఇల్లాలు డబ్బా ఉత్తగా పంపదని నాకు తెలుసు. ఖుబానీ కా మీఠా వచ్చింది. నేను బొబ్బట్లు పంపాను. ఆవిడ బిర్యానీ పంపింది. నేను గుత్తివంకాయ పంపాను. రెండిళ్ళూ లావెక్కాయి. మొన్న శుక్రవారం షోయబ్ సాబే డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, మీకేం కావాల్నో జెల్ది చెప్పుండ్రి. మా ఫ్రిజ్‌ల జాగా లేదు" అన్నాడు.

కూర్చోబెట్టి చెప్పాను. వచ్చే గురువారం దుక్మ్ వస్తానన్నాడు. ఈలోగా ఆ మూత నాదియాకి తిప్పి పంపండి. ఏదో ఒకటి పెట్టి పంపండి. బోర్డు తగలెయ్యి.

వదిన

*

దుక్మ్ క్యాంపు
అక్టోబర్ 4

వదినా,

బోర్డు తగలెయ్యలేదు. మనది కలప లేని దేశం. వీరబ్రహ్మం దాన్ని కోసి నాదియాకి చేపలు కోసే పీట చేశాడు, రేట్లు కిందివైపుకి పోయాయి. పీట మీద మూత, మూత కింద నువ్వు కిందటి ఉత్తరంతో పంపిన ఆవకాయ సీసా. నాదియా మర్నాడే కళ్ళనీళ్ళతో వచ్చింది. ఎంత కరిగిపోయిందో అనుకున్నాను. ఆవకాయ చెంచాతో ఉత్తదే తినేసిందట. ఇస్రాయేలు మజ్జిగ ఇచ్చాడు. తాగి, దగ్గి, నవ్వడం మొదలుపెట్టింది.

గురువారం షోయబ్ సాబ్ వచ్చేసరికి గేటు ముందు మళ్ళీ గిన్నెలున్నాయి. ఆయనా నాదియా గంటసేపు బేరమాడారు, ఆవిడ ఆయన్ని ఉతికి ఆరేసింది. చల్లగది, వ్యాన్లు, రేవులో పడవల ఇంజన్లు, అన్నీ రెండేళ్ళు కంపెనీ చూడాలని రాసుకున్నారు. క్యాంపు మూయరు వదినా. మూయరు! వీరబ్రహ్మం పెట్టె మంచం కిందికి తోసేసి వెళ్ళి పడుకున్నాడు, సాయంత్రం దాకా లేవలేదు.

కానీ మేస్త్రీలకి ఇందులో పని లేదు. తాపీమేస్త్రీ ఇక్బాల్‌తో సహా సగంమంది నిన్న బస్సెక్కారు. ఎప్పుడూ హారన్ మోగించే జిలాని నిన్న మోగించలేదు. రాజునని విర్రవీగినవాణ్ణి, వాళ్ళకి చెయ్యి ఊపడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఇంకో తలనొప్పి. ఇక్కడ కూర్చుని ఒప్పందం లెక్కలు చూసే అకౌంటెంటు కావాలి. మస్కట్‌లో ఎవడినడిగినా ఈ ఇసుకలోకి రానంటున్నాడు.

ఇప్పుడు అన్నయ్యకి చెప్పు. "వాడినా" అన్నాడుగా.

వికాస్

*

ఘుబ్రా
నవంబర్ 16

వికాస్,

నీ క్యాంపునే దేశమని చెప్పిన అనూహ్యకి మూడో బహుమతి వచ్చింది. ఈ దేశం ముఖ్య ఎగుమతి ఏమిటని అడిగితే "మూత" అందట. జడ్జీలు అయోమయంలో పడి ఇచ్చి ఉంటారు.

ఇక నా నవ్వు కూడా అయిపోయింది.

మీ అన్నయ్య ఉద్యోగం ఏప్రిల్‌లోనే పోయింది. ఆ కుర్చీలో ఇక్కడి కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. వాళ్ళ దేశం, వాళ్ళ పిల్లలు, నేను తప్పు పట్టను. కానీ పద్దెనిమిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని కంపెనీ లెక్కలు రాసిన మనిషి, లేచాక ఎటు నడవాలో తెలియక నా పోపుల డబ్బా సర్దుతున్నారు. ఊళ్ళో అడగని ఆఫీసు లేదు. వయసు చూసి వద్దంటున్నారు. డిసెంబరుతో ఆయన బతాకా, ఇక్కడ ఉండనిచ్చే కార్డు, గడువు అయిపోతుంది. ఆయన ఊరెళ్ళిపోతే నేనూ పిల్లా ఇక్కడ ఉంటాం, నా బడి ఉంది కాబట్టి.

"వికాస్‌కి చెప్పకు, వాడు నన్ను చూసుకుని ధైర్యంగా ఉన్నాడు" అన్నారు. నువ్వేమో అన్నయ్యకి చెప్పకన్నావు. అన్నదమ్ములిద్దరూ కలిసి నా నోటికి రెండు తాళాలు వేశారు. నీ క్యాంపు నిలబడ్డ సంగతి చెబితే ఆయన ఆరునెలల తర్వాత పళ్ళు కనపడేలా నవ్వారు. అది చూసి నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. అందుకే ఇవాళ రెండో తాళం కూడా తీసేశాను.

వదిన

*

దుక్మ్ క్యాంపు
నవంబర్ 28

వదినా,

ఎనిమిదేళ్ళ కిందట అన్నయ్య నా చేతిలో నిండు గిన్నె పెట్టి పంపాడు. ఇన్నాళ్ళూ దాన్ని తిప్పి పంపాలన్న ధ్యాసే నాకు లేదు. పంపితే ఏం పెట్టి పంపాలో తెలిసేది కూడా కాదు.

షోయబ్ సాబ్‌తో అన్నయ్య గురించి మాట్లాడాను. మొదట "విశ్వేశ్వరరావు సాబ్ అంతటోడు ఆడికొస్తడా?" అన్నాడు. నీ డబ్బా మళ్ళీ వాళ్ళింటికి బయల్దేరుతుందని బెదిరించాను. లెక్కల కుర్చీ అన్నయ్యదే. వీసా మార్పు కంపెనీ చూసుకుంటుంది. ఇది జాలి అనుకుంటాడేమో, మస్కట్ మొత్తం కాదన్న కుర్చీ అని చెప్పు.

షరతులున్నాయి. ఇక్కడ రాజుని నేను. భోజనానికి ఆలస్యమైతే గిన్నెలు తోమాలి, చట్టం అందరికీ ఒకటే. మెస్‌లో నా అంత పోపుల డబ్బా ఉంది, ఎలా కావాలంటే అలా సర్దుకోవచ్చు.

సీసా చూడు.

నీ మరిది
వికాస్

*

ఘుబ్రా
డిసెంబర్ 3

చిరంజీవి వికాస్‌కు,

ఉత్తరం మీ అన్నయ్యకిచ్చాను. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివారు. నేను ఏమంటారోనని నిలబడి ఉన్నాను. చివరికి "సీసా కడిగి పంపాడా?" అని అడిగారు.

చూపించాను. తళతళలాడుతోంది, నిండా పంచదార ఉంది. చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు. "అమ్మ ఇలాగే చేసేది" అని లేచివెళ్ళి అల్మారా మీదనుంచి పెట్టె దించారు.

శుక్రవారం జిలాని బస్సుకి ఈసారి సీసా లేదు, మనిషిని పంపుతున్నాను. ఖాళీగా తిప్పి పంపకు.

మీ వదిన